సూపర్ మార్కెట్‌లో దొంగతనం అంటగట్టి ‘ఫైన్’ అడిగితే కట్టకండి

కూకట్‌పల్లి వైపు ఒక పెద్ద సూపర్ మార్కెట్‌లో మా వదినకు జరిగింది చెబుతున్నాను. ఒంటరిగా సరుకులకు వెళ్ళే ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు తప్పకుండా చదవండి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయట్లేదు.

బిల్లు కట్టి బయటికి వస్తుంటే తలుపు దగ్గర సెక్యూరిటీ అతను హ్యాండ్‌బ్యాగ్ తెరవమన్నాడు. తెరిచింది. లోపల పాపకు రాసే క్రీము ట్యూబు ఉంది. అదే కంపెనీది ఆ షాపులోనూ అమ్ముతారు. ‘‘ఇది బిల్లులో లేదు’’ అన్నాడు. ఆ ట్యూబు సగానికి పైగా అయిపోయింది, కింది నుంచి మడతలు పెట్టి ఉంది, మూత చుట్టూ ఎండిన క్రీము అంటుకుని ఉంది. కొత్తది కాదని చిన్నపిల్లాడైనా చెప్తాడు. వదిన అదే చెప్పి కదలబోతే మణికట్టు పట్టుకుని లోపలికి లాగాడు. గాజులు పగిలి చెయ్యి కోసుకుంది.

తీసుకెళ్ళింది ఆఫీసుకి కాదు, ఉల్లిపాయల బస్తాలు పెట్టుకునే వెనక గదికి. తలుపు వేశారు. లేడీ స్టాఫ్ ఒక్కరూ లేరు. మేనేజర్ ఒక రిజిస్టరు తీశాడు. దాని నిండా ‘నేను దొంగతనం చేశాను, క్షమించండి’ అని రాయించుకున్న సంతకాలు, కొన్నిచోట్ల వేలిముద్రలు. ట్యూబు ధరకు పదింతలు ఫైన్ కట్టాలి, అది వాళ్ళ షాపు రూలట. కట్టకపోతే ఫొటో కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో పెడతామన్నారు. ఇంట్లో పాప ఏడుస్తూ ఉంటుందన్న టెన్షన్‌లో వదిన సంతకం పెట్టి, యూపీఐలో డబ్బు పంపి బయటపడింది. డబ్బు వెళ్ళింది షాపు ఖాతాకి కాదు, మేనేజర్ సొంత నంబరుకి.

అన్నయ్య వెళ్ళి సీసీటీవీ చూపించమంటే ‘‘సిస్టం పాడైంది’’ అన్నారు. అక్కడే నిలబడి 112కి ఫోన్ చేశాడు. పోలీసులు వస్తున్నారని తెలియగానే డబ్బు వెనక్కి వచ్చేసింది. పాడైన సిస్టం కూడా బాగైంది!

ఇప్పుడు చట్టం సంగతి. షాపువాళ్ళ గొంతు చూస్తే వాళ్ళకేవో పోలీసు అధికారాలు ఉన్నాయనిపిస్తుంది. లేవు. మామూలు మనిషి ఇంకో మనిషిని పట్టుకోవడానికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన, అరెస్టులు ఎలా చేయాలో చెప్పే చట్టం) 40వ సెక్షన్ ఒక చిన్న సందు ఇచ్చింది. తన కళ్ళ ముందే నేరం జరగాలి. అది కాగ్నిజబుల్ (పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయగలిగేది), నాన్ బెయిలబుల్ (బెయిల్ హక్కుగా రానిది) నేరం అయ్యుండాలి. పట్టుకున్నాక అనవసరంగా ఆలస్యం చేయకుండా, ఎంత లేటైనా ఆరు గంటల్లోపు, పోలీసులకు అప్పగించాలి. అనుమానం మీద గదిలో పెట్టి బేరమాడటానికి ఇందులో ఎక్కడా చోటు లేదు.

చాలామందికి తెలియని ముక్క ఇంకోటి ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన, నేరాలు-శిక్షల చట్టం) ప్రకారం 5,000 రూపాయల కన్నా తక్కువ విలువైన మామూలు దొంగతనం నాన్ కాగ్నిజబుల్, పైగా బెయిలబుల్. అంటే వారెంట్ లేకుండా పోలీసులే అరెస్టు చేయలేరు. ఇక సెక్యూరిటీ గార్డు ఎవరు? నిజంగా తీసి, మొదటిసారి దోషిగా తేలి, వస్తువో దాని ఖరీదో తిరిగి ఇచ్చేసినవాళ్ళకి కోర్టు వేసేది కూడా సమాజ సేవ శిక్షే.

షాపుకి ఏ హక్కూ లేదని అనట్లేదు. బిల్లు చూపించమని అడగొచ్చు, పోలీసుల్ని పిలవొచ్చు. దొంగ సరుకుతో పారిపోతుంటే ఆస్తిని కాపాడుకునే హక్కు న్యాయ సంహితలోనే ఉంది. కానీ దానికి హద్దు ఉంది. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి దెబ్బ తగలకూడదు. సరుకు చేతికి తిరిగొచ్చాక ఆ హక్కు అక్కడితో సరి. ఆ తర్వాత వేసే ప్రతి దెబ్బా నేరమే, అవతలివాడు నిజం దొంగైనా సరే. కేరళ అట్టప్పాడిలో 2018 ఫిబ్రవరిలో మధు అనే గిరిజన యువకుణ్ణి షాపుల్లో తిండి సామాను దొంగిలించాడని చేతులు కట్టేసి కొట్టారు, ప్రాణం పోయింది. 2023లో ప్రత్యేక కోర్టు 14 మందిని దోషులుగా తేల్చి, 13 మందికి ఏడేళ్ళ కఠిన కారాగార శిక్ష వేసింది.

మా వదిన విషయంలో న్యాయ సంహిత కింద ఫిర్యాదు ఇలా రాశాం: అక్రమంగా నిర్బంధించడం 127వ సెక్షన్, గాయపరచడం 115, భయపెట్టి డబ్బు గుంజడం 308. ఆ చివరిదానికి ఏడేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. ఫైన్ వేసేది కోర్టు, సూపర్ మార్కెట్ కాదు. గోడ మీద ఎంత పెద్ద బోర్డు పెట్టుకున్నా సరే.

మీకు ఇలా జరిగితే వెనక గదికి మాత్రం వెళ్ళకండి. జనం మధ్యే, కెమెరా కింద నిలబడి ‘‘పోలీసుల్ని పిలవండి, వాళ్ళ ముందే బ్యాగ్ చూపిస్తాను’’ అనండి. వాళ్ళు పిలవకపోతే మీరే 112 కొట్టండి. సంతకం వద్దు, డబ్బు వద్దు. దెబ్బ తగిలితే అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని కాగితం తీసుకోండి. ఫుటేజీ చెరపకుండా ఉంచమని షాపుకి ఆ రోజే రాతపూర్వకంగా అడగండి, ఎందుకంటే రికార్డర్‌లో చోటు నిండితే పాతది దానంతటదే చెరిగిపోతుంది. ఇంట్లో వాడే క్రీములు, లిప్‌స్టిక్‌లు బ్యాగ్‌లో ఉంటే లోపలికి వెళ్ళేటప్పుడే గేటు దగ్గర చూపించడం మంచిది. మనకెందుకు ఈ గోల అనిపిస్తుంది, నిజమే. కానీ తర్వాత పడే తలనొప్పి కంటే నయం.

ఆ రిజిస్టర్లో చాలా పేజీలు నిండి ఉన్నాయి. మీలో ఎవరైనా అక్కడ సంతకం పెట్టి డబ్బు కట్టి ఉంటే యూపీఐ స్క్రీన్‌షాట్ దాచుకోండి. రిజిస్టర్ సంగతి మా ఫిర్యాదులో రాశాం, మీరు విడిగా కూడా ఇవ్వొచ్చు.