చెరువు కట్ట ఎవరి చేతిలో ఉండాలి: నీటి సంఘమా, ఇరిగేషన్ శాఖా?

వానాకాలంలో కట్టకు ముందు పడేది చిన్న బుంగ. ఎలుక బొరియలోంచో, తుమ్మ వేరు కుళ్లిన చోటో నీరు ఊరుతుంది. తేటగా వస్తే కాస్త టైం ఉన్నట్టు. బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే, గండి ఎంతో దూరంలో లేదు. అర్ధరాత్రి దాన్ని పసిగట్టేది ఊళ్లోనే ఉంటూ చెరువును కనిపెట్టుకునే నీరటికాడే. అందుకే కాపలాలో నీటి సంఘానికి సాటి లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 1997 చట్టం ఆయకట్టు రైతులకు ఈ సంఘాన్ని ఎన్నుకునే హక్కు ఇచ్చింది.

చెరువు నిండాక మిగులు నీరు బయటికి పోయే అలుగు ఎంత వరద మోయగలదో లెక్కగట్టడం, రాతికట్టు, తూము షట్టర్లు ఊరి చందాలతో అయ్యేవి కావు. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయను నడిపింది శాఖే. ఒక చెరువు మిగులు నీరు కింది చెరువుకు చేరే గొలుసుకట్టులో పై చెరువు తెగితే కింది ఊరికీ ముప్పే. రెండూళ్లనీ కలిపి చూడగలిగేదీ శాఖే. కానీ ఎస్టిమేట్, మంజూరు, టెండర్ అయ్యేసరికి వానలు దిగుతాయి.

అలుగు మీద బస్తాలు పేర్చి నీరు ఆపాలని ఆయకట్టు రైతులు పట్టుబడితే సంఘం కాదనలేదు. అది కట్టకే ప్రమాదం. అక్కడ శాఖ మాటే చెల్లాలి. కాపలా, చిన్న మరమ్మతులు, వాటికి సరిపడా డబ్బు మాత్రం సంఘానికే ఇవ్వాలి. నీరటికాడి జీతం మొదట ఖాయం చేయాలి.