కిల్పెక్ చర్చా, ఫెయిర్‌ఫర్డ్ చర్చా: ఒక్కటే చూసే వీలుంటే?

ఇంగ్లండ్ వెళ్లిన మనవాళ్లు చాలామంది లండన్‌లో పెద్ద చర్చిలు చూసి తిరిగొచ్చేస్తారు. పల్లెటూళ్ల పారిష్ చర్చిల జోలికి పోరు. నాకైతే మధ్యయుగం కళ్లకు కట్టేది అక్కడే. అందులో రెండింటి మధ్య ఎంచుకోమంటే తేల్చుకోవడం కష్టం. ఒకదాని గొప్పతనమంతా బయటి రాతిలో ఉంది, రెండోదాని గొప్పతనం లోపలి గాజులో.

కిల్పెక్ చర్చి హెర్‌ఫర్డ్‌షైర్‌లో, వేల్స్ సరిహద్దుకు దగ్గర్లో ఉంది. 1140 ప్రాంతంలో ఎర్ర ఇసుకరాతితో కట్టారు. చాలా చిన్నది. జనం కూర్చునే హాలు, దాని వెనక బలిపీఠం వైపు గది, చివర అర్ధచంద్రాకారంలో ఇంకో గది, అంతే. పక్కనే కోట మట్టిదిబ్బ, కూలిన గోడ ముక్కలు.

దక్షిణ వాకిలి దగ్గర మాత్రం అడుగు కదలదు. స్తంభాల మీద పాములు మెలికలు తిరుగుతుంటాయి. ఒంటికి అతుక్కున్న చారల బట్టలతో ఇద్దరు యోధులు తీగల్లో చిక్కుకుని ఉంటారు. వాళ్ల బట్టల మడతలు ఇప్పటికీ లెక్కపెట్టొచ్చు. తల ఎత్తితే చూరు కింద చుట్టూ పొడుచుకొచ్చిన రాళ్లు, ఒక్కోదానికి ఒక్కో బొమ్మ. 85 దాకా మిగిలాయి. చెవులు వేలాడేసిన కుక్క, దాని పక్కనే కుందేలు, ఒకదానికొకటి ఆనుకుని స్నేహితుల్లా ఉంటాయి. ఇంకోచోట ఒక స్త్రీ రెండు చేతులతో తన మర్మాంగాన్ని విప్పి చూపిస్తుంటుంది. చర్చి గోడ మీద ఈ బొమ్మ ఎందుకన్న వాదన ఇంకా తెగలేదు.

ఫెయిర్‌ఫర్డ్ దారి వేరు. గ్లోస్టర్‌షైర్‌లో ఉన్ని వ్యాపారం జోరుగా సాగిన రోజుల్లో జాన్ టేమ్ అనే ఉన్ని వర్తకుడు 1490ల్లో పాత చర్చిని దాదాపు మొత్తం తిరగ్గట్టించాడు. ఆయన 1500లో పోయాక కొడుకు ఎడ్మండ్ పని పూర్తి చేయించాడు. గోడలకన్నా కిటికీలే ఎక్కువా అనిపించే కట్టడం. మొత్తం 28 రంగుగాజు కిటికీలు. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ కాథలిక్ చర్చి నుంచి విడిపోయిన మతసంస్కరణ కాలంలో, ఆ తర్వాతా ఇంగ్లండంతటా ఇలాంటి గాజు పగిలిపోయింది. ఒక పారిష్ చర్చిలో పూర్తి వరస మిగిలింది ఇక్కడే.

చదువురానివాళ్లకు ఇవే బైబిలు. మొదటి కిటికీలో హవ్వ, మండే పొద దగ్గర మోషే, గిద్యోను గొర్రెబొచ్చు, సొలొమోను దగ్గరికొచ్చిన షేబ రాణి. ఉన్ని డబ్బుతో కట్టిన చర్చిలో గొర్రెబొచ్చు కథ కనబడితే నాకు భలే ముచ్చటేసింది. పడమటి గోడ కిటికీలో కడవరి తీర్పు, అంటే లోకాంతాన దేవుడు మనుషులందరికీ చెప్పే తీర్పు. 1703 తుఫానుకు ఆ కిటికీ బాగా దెబ్బతింది. పైభాగం 19వ శతాబ్దంలో కొత్తగా చేసిందే. కింద నరకం మాత్రం పాతదే, ఎర్రగా భగ్గుమంటూ ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో గాజంతా విప్పి దాచి, తర్వాత మళ్లీ బిగించారు.

పిల్లలతో వెళ్తుంటే, బైబిలు కథలు తెలిసినవాళ్లయితే ఫెయిర్‌ఫర్డ్‌కే వెళ్లండి. అయితే మబ్బు పట్టిన రోజు రంగులు సగం చచ్చిపోతాయి. పై వరస బొమ్మలకు బైనాక్యులర్ ఉంటే మంచిది.

నన్నడిగితే కిల్పెక్‌కే ఓటు. ఫెయిర్‌ఫర్డ్‌కు డబ్బొచ్చింది, దాంతో పాత చర్చి పోయి కొత్తది వచ్చింది. కిల్పెక్ ఊరు చితికిపోయింది, తిరగ్గట్టించే టేమ్ లాంటివాడు దానికి దొరకలేదు. అందుకే 1140 నాటి శిల్పి ఉలి దెబ్బ మనకు అడుగు దూరంలో ఉంది.

వెళ్తే మధ్యాహ్నం వెళ్లండి. దక్షిణ వాకిలి మీద ఎండ పడే వేళ చెక్కడంలోని లోతు తెలుస్తుంది. లోపలికి పోయే ముందు తల పైకెత్తి చర్చి చుట్టూ ఒక్కసారి నెమ్మదిగా నడవండి. కుక్కా కుందేలూ కనబడేదాకా నడక ఆపొద్దు.