నల్లగొండలో నెలసరి నొప్పికి నేర్పే వ్యాయామ తరగతి: ఒక తల్లి అభిప్రాయం

నల్లగొండ గడియారం సెంటర్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, ఒక ఇంటి మేడ మీద, కాలేజీ వయసు అమ్మాయిలకు నెలసరి నొప్పి తగ్గేందుకు వ్యాయామాలు, విశ్రాంతి పద్ధతులు నేర్పుతున్నారు. వారానికి మూడు రోజులు, ఒక్కోసారి గంటసేపు తరగతి ఉంటుంది. నెలకు ఐదు వందల రూపాయలు తీసుకుంటారు. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయిని అందులో చేర్పించి, తోడుగా వెళ్లి గోడవారగా కూర్చుని చూసినదాన్ని కాబట్టి, చేర్పించాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. తరగతి బాగుంది. మెట్ల దగ్గర పెట్టిన బోర్డు మాత్రం బాగాలేదు. "మందులు లేకుండా నెలసరి సమస్యలన్నీ శాశ్వతంగా మాయం" అని దాని మీద రాసి ఉంది. లోపల నేర్పే మేడం అలాంటి మాట ఎన్నడూ అనగా నేను వినలేదు.

మొదటి రోజు ఆసనాలేవీ వేయించలేదు. అమ్మాయిలను, వెంట వచ్చిన తల్లులను కూర్చోబెట్టి నొప్పి ఎందుకు వస్తుందో చెప్పారు. గర్భాశయం లోపలి పొర నెలనెలా ఊడివచ్చే సమయంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. అవి ఎక్కువైనప్పుడు గర్భాశయ కండరం గట్టిగా బిగుసుకుంటుంది, ఆ బిగింపులో దానికి రక్తం సరిగా అందదు, పొత్తికడుపులో మెలిపెట్టినట్టు మొదలైన నొప్పి నడుముకూ తొడలకూ పాకుతుంది. కొందరికి వాంతులు, విరేచనాలు, తలనొప్పి కూడా తోడవుతాయి. రజస్వల అయిన ఆరు నెలలకో ఏడాదికో, అండం విడుదల కావడం క్రమంలో పడిన తరువాత ఈ రకం నొప్పి మొదలవుతుందని, స్రావం కనబడిన రోజునో అంతకు కొన్ని గంటల ముందో వచ్చి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుందని వివరించారు. "ఆడపుట్టుక అన్నంక ఓర్సుకోవాలె, ఒక కాన్పయితే అదే పోతది" అనే మాట మా తరం వాళ్లందరం వింటూ పెరిగినవాళ్లమే. ఓర్చుకోవడం తప్ప చేయగలిగింది ఏదో ఉందని ఒక ఆడమనిషి ఆడపిల్లల ముందు, వాళ్ల తల్లుల ముందు కూర్చుని విడమరిచి చెప్పడాన్ని నేను ఈ తరగతిలోనే మొదటిసారి చూశాను.

నాకు అన్నిటికంటే నచ్చింది, సాధనను నొప్పి వచ్చిన రోజుకు కాకుండా నెల మొత్తానికి సర్ది చెప్పడం. స్రావం ఆగిన తరువాతి రోజుల్లో చెమట పట్టే వ్యాయామం చేయిస్తారు. మేడ మీద చురుకైన నడక, సూర్యనమస్కారాలు, నిలబడి నడుమును పక్కలకు వంచే ఆసనాలు ఉంటాయి. నెలసరికి ముందు రెండు వారాల్లో మార్జాలాసనం (పిల్లిలా వీపు వంచేది), భుజంగాసనం (బోర్లా పడుకుని పాములా ఛాతీ పైకెత్తేది), మత్స్యాసనం (వెల్లకిలా పడుకుని ఛాతీ పైకి లేపేది) ఈ మూడింటి మీద ఎక్కువ సమయం పెడతారు. ఈ ఎంపిక ఊరికే చేసింది కాదు. ఇరాన్‌లో 18 నుంచి 22 ఏళ్ల విద్యార్థినుల మీద జరిగి 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో, నెలసరికి ముందు దశలో సరిగ్గా ఈ మూడు ఆసనాలే చేయించగా నొప్పి తీవ్రత, అది ఉండే కాలం రెండూ తగ్గాయి. వారానికి మూడు రోజులన్న లెక్కకు కూడా ఆధారం ఉంది. వ్యాయామం, నెలసరి నొప్పి మీద జరిగిన అధ్యయనాలను, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2019లో ఒకచోట చేర్చి పరిశీలించింది. వారానికి కనీసం మూడుసార్లు, 45 నుంచి 60 నిమిషాలు చేసినవారిలో నూటికి కొలిచే నొప్పి కొలబద్ద మీద సుమారు 25 పాయింట్ల తగ్గుదల కనిపించింది. ఆ అధ్యయనాలు చిన్నవి, వాటి నాణ్యత అంత గట్టిది కాదు అని కూడా ఆ పరిశీలన చెప్పింది కాబట్టి, దీన్ని నికరమైన హామీగా తీసుకోకూడదు. అయినా ఒళ్లు కదిలించడం వల్ల మరెన్నో మేళ్లు ఉన్నాయి, ఖర్చు స్వల్పం, నష్టం దాదాపు లేదు. అందుకే ప్రయత్నించి చూడదగినదని నా నమ్మకం.

నేర్పే తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మార్జాలాసనంలో చేతులు, మోకాళ్లు నేల మీద ఆనించి, ఊపిరి తీసుకుంటూ నడుమును కిందికి వదిలి తల పైకెత్తాలి. వదులుతూ వీపును పైకి వంచి గడ్డాన్ని ఛాతీ వైపు తేవాలి. చూడటానికి తేలికే. కానీ మా అమ్మాయితో సహా చాలామంది వీపు వంచే సమయంలో ఊపిరి ఆపేస్తారు. మేడం ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, వీపు మీద అరచేయి పెట్టి, "బిడ్డా, ఊపిరి బిగవట్టకు. నొప్పి లేసినప్పుడు గూడ నువ్వు మొదలు చేసేది గదే" అని మెల్లగా చెబుతారు. ఊపిరి బారుగా వదలడం అలవాటైతేనే ఆసనం లెక్కలోకి వస్తుందని, అప్పటివరకు ఎన్నిసార్లు వంగినా లాభం లేదని ఆమె పట్టుబడతారు. ఎక్కువ ఆసనాలు చూపించి మెప్పు పొందాలనే ఆత్రం ఆమెలో లేదు.

స్రావం ఉన్న రోజుల్లో తరగతికి రమ్మని బలవంతం చేయరు. వచ్చినవారికి నిలబడి చేసేవి, తలకిందులుగా చేసేవి, ఊపిరిని గట్టిగా బయటికి కొట్టే కపాలభాతి పూర్తిగా మాన్పించి, మడమల మీద కూర్చుని ముందుకు వంగే శశాంకాసనంలో నుదుటి కింద దిండు పెట్టి, వెల్లకిలా పడుకుని అరికాళ్లు కలిపే సుప్త బద్ధకోణాసనంలో మోకాళ్ల కింద చుట్టిన దుప్పట్లు పెట్టి, కదలకుండా ఉంచుతారు. పొత్తికడుపు మీద వేడినీళ్ల సంచి పెట్టుకోమంటారు. సంచిని నేరుగా చర్మానికి ఆనించకుండా పల్చటి గుడ్డ చుట్టాలన్న జాగ్రత్త కూడా చెబుతారు. వేడి కాపడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే, పరిశోధనల్లోనూ దానికి మంచి ఫలితాలు వచ్చాయి.

ఆ తరువాత వచ్చేదే నా లెక్కలో ఈ తరగతిలోని అసలు విలువ. ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా వైద్యుడు గత శతాబ్దం మొదటి దశాబ్దాల్లో రూపొందించిన, కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే పద్ధతి అది. వెల్లకిలా పడుకుని ముందు పిడికిళ్లు బిగించాలి, మనసులో ఐదు లెక్కపెట్టాలి, ఒక్కసారిగా వదిలేసి ఆ వదులును కాసేపు గమనించాలి. ఇదే విధంగా కాలివేళ్లు, పిక్కలు, తొడలు, భుజాలు, చివరికి దవడలు. దవడల దగ్గరకు వచ్చేసరికి మా అమ్మాయి కళ్లు తెరిచి, "అమ్మా, నేను పొద్దటి నుంచి పండ్లు కొరుక్కునే ఉన్న" అంది. నొప్పి పొత్తికడుపులో ఉంటే ఒళ్లంతా దానికి ఎదురు బిగుసుకుని ఉంటుందని, ఆ బిగింపు అలసటను, బాధను పెంచుతుందని పిల్లకు తన ఒంటి మీదే తెలిసింది. దీనికి చాప కూడా అక్కర్లేదు. క్లాసులో బెంచీ మీద, బస్సు సీట్లో కూర్చుని కూడా చేసుకోవచ్చు. చివర వినిపించే యోగనిద్ర మాత్రం నిరాశపరిచింది. సెల్‌ఫోన్ స్పీకర్లో సంస్కృతం, ఇంగ్లీషు కలగలిసిన రికార్డు పెడతారు, సగం మందికి ఒక్క ముక్క అర్థం కాదు. మేడం తన గొంతుతో మన మాటల్లో చెబితే ఎంతో మేలు.

మాత్రల విషయంలో ఆమె వైఖరి నాకు నిజాయితీగా అనిపించింది. మెఫెనమిక్ ఆమ్లం, ఐబుప్రొఫెన్ వంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే తగ్గించి పనిచేస్తాయని, డాక్టరు రాసిస్తే నొప్పి మొదట్లోనే, తిన్న తరువాత వేసుకోవాలని, మాత్ర వేసుకోవడం తప్పేమీ కాదని చెప్పారు. కడుపులో పుండ్లు, ఆస్తమా, కిడ్నీ సమస్య ఉన్నవారు అడగకుండా వేసుకోకూడదన్నారు. మెఫెనమిక్ ఆమ్లం కొందరిలో ఒంటిమీద దద్దుర్లు, జ్వరంతో మొదలై లోపలి అవయవాలకూ పాకే తీవ్రమైన ప్రతిచర్యకు దారితీయవచ్చని భారత ఔషధ ప్రమాణాల కమిషన్ 2023 చివర్లో హెచ్చరించింది కాబట్టి, మెడికల్ షాపులో నోటిమాటగా కొనుక్కోవడం మన పిల్లలు మానుకోవాలి.

నెలనెలా నొప్పి పెరుగుతూ పోవడం, నెలసరి లేని రోజుల్లోనూ ఉండటం, ప్యాడు గంటగంటకూ తడిసిపోవడం, జ్వరం రావడం, మాత్రకు కూడా లొంగకపోవడం ఉంటే అది వ్యాయామంతో సర్దుకునే విషయం కాదు. అలాంటి ఒక అమ్మాయి చేరడానికి వస్తే, ఫీజు తీసుకోకుండా ముందు ఆడవాళ్ల డాక్టరుకు చూపించుకుని రమ్మని పంపించడం నేను చూశాను. బోర్డు మీద నాకు కోపం కూడా అందుకే. పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలలో సుమారు పదిశాతం మందికి ఎండోమెట్రియోసిస్ ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే ఆ జబ్బు గుర్తించడానికే చాలామందికి ఏళ్లు పడుతుంది. అలాంటి బిడ్డ తల్లి ఆ బోర్డు నమ్మి డాక్టరు దగ్గరికి పోవడం ఆలస్యం చేస్తే ఎవరు బాధ్యులు? ఇంటి యజమాని రాయించిన బోర్డు అని మేడం అన్నారు. ఎవరు రాయించినా తీసేయాలి.

వసతుల్లో లోపాలున్నాయి. మరుగుదొడ్డి కింది అంతస్తులో ఒక్కటే ఉంది, అందులో చెత్తబుట్ట లేదు. ఈ తరగతికి వచ్చే పిల్లల అవసరం తెలిసి కూడా దాన్ని పట్టించుకోకపోవడం క్షమించరానిది. పైన రేకుల కప్పు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఏడు దాటితే కూర్చోలేము. సమయం పొద్దున ఆరింటికి పెట్టారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేకపోవడంతో కనగల్, తిప్పర్తి, కట్టంగూర్ వైపు పిల్లలకు చార్జీల బెంగ తీరింది గానీ, ఆరింటికి అందే బస్సు దొరకడం కష్టం. హాస్టల్ పిల్లలను ఆ వేళకు గేటు దాటనివ్వరు. కాలేజీ విడిచాక నాలుగున్నరకు ఇంకో బ్యాచి పెడితే ఇప్పటికి రెట్టింపు మంది వస్తారు.

మా అమ్మాయికి నొప్పి పూర్తిగా పోలేదు. కొన్ని నెలల్లో మొదటి రోజు ఇప్పటికీ మాత్ర వేసుకుంటుంది. కానీ ఇంతకుముందు ముడుచుకుని పడుకుని కాలేజీ మానేసేది, ఇప్పుడు పొద్దున కాసేపు శశాంకాసనంలో ఉండి, బ్యాగు తగిలించుకుని వెళ్తోంది. నేను ఐదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది బోర్డుకు, మరుగుదొడ్డికి.

చేరేవాళ్లు సొంత చాప, పాత దుప్పట్లు రెండు తీసుకెళ్లాలి, అక్కడివి అందరూ వాడినవే. పొద్దున టిఫిన్ తినకుండా వెళ్లాలి. నెలసరి తేదీలు రాసిపెట్టిన చిన్న పుస్తకం ఉంటే మేడం దాన్ని చూసి ఏ వారం ఏం చేయాలో చెబుతారు. మొదటి తరగతికి డబ్బు తీసుకోరు, ఆ రోజు తల్లి కూడా వెళ్లడం మంచిది.