బొడ్డుతాడు రక్తం దాచే ప్యాకేజీ: కిట్ బాగుంది, అమ్మే మాటే బాగోలేదు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు ఏడో నెల దాటిన గర్భిణుల ఇళ్లకు ఏజెంట్లు తెస్తున్న ప్యాకేజీ ఇది: కాన్పులో బిడ్డ బొడ్డుతాడు రక్తం తీసి, అందులోని మూలకణాలను (కొత్త రక్తకణాలను పుట్టించే కణాలు) ముందుముందు వైద్యానికని దాచిపెడతారు. కంపెనీ ఏదైనా సరుకు దాదాపు ఒకటే.

కిట్‌కు వంక పెట్టలేం. గడ్డకట్టకుండా మందు నింపిన సంచి, దానికే అమర్చిన సూది, తల్లి రక్తానికి ట్యూబులు, వేడి తగలని పెట్టె. తాడు కత్తిరించాక పోవిడోన్ అయోడిన్‌తో తుడిచి, బొడ్డు సిరలో సూది గుచ్చి, సంచిని మాయకన్నా కిందుగా పట్టుకుంటే రక్తం దానంతటదే దిగుతుంది. దిగుతున్నంతసేపూ సంచిని మెల్లగా కదుపుతుండాలి. ట్రేలో పడేసి వేరే పని చూసుకుంటే గడ్డలు కడతాయి, మూలకణాలు వాటిలోనే చిక్కుకుపోతాయి. సంచి నిండాలని తాడును వెంటనే కట్టేయమంటే మాత్రం ఒప్పుకోవద్దు. కనీసం 1 నిమిషం ఆగితే బిడ్డకు ఐరన్ అందుతుంది, అది ముఖ్యం.

48 గంటల్లోపు ల్యాబులో ప్రాసెసింగ్ మొదలవ్వాలి. మే ఎండలో నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా కారు డిక్కీలో వెళ్లే పెట్టె లోపల ఎంత వేడి ఉందో రికార్డు అడగండి.

రిపోర్టులో మిల్లీలీటర్లు కాదు, కణాల లెక్క చూడాలి. దాచిన కణాలను రోగికి ఎక్కించడానికి (మార్పిడికి) అతని బరువులో కిలోకు కనీసం 2.5 కోట్ల కేంద్రకమున్న కణాలు కావాలి. సంచిలో 80 కోట్లుంటే 32 కిలోల పిల్లవాడి వరకే సరి. 60 కిలోల మనిషికి 150 కోట్లు కావాలి. సీడీ34 లెక్క (మూలకణాలను గుర్తించే లెక్క), బతికున్న కణాల శాతం, కల్చర్ (క్రిములున్నాయేమో చూసే పరీక్ష) ఫలితం కూడా ఉండాలి.

అసలు అభ్యంతరం 'మీ బిడ్డకే పనికొస్తుంది' అనే మాట మీద. తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) ఉన్న బిడ్డ సొంత కణాల్లోనూ అదే జన్యులోపం ఉంటుంది, వాటిని తిరిగి ఎక్కించి లాభం లేదు. సొంత వాడకం కోసం దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలే చెబుతున్నాయి. మామూలు కుటుంబానికి ఈ ఖర్చు దండగ.

పెద్దబిడ్డకు తలసీమియానో, సికిల్‌సెల్లో ఉంటే సంగతి వేరు. తోడబుట్టినవారికి కణజాలం రకం పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. 1988లో ప్యారిస్‌లో జరిగిన మొదటి బొడ్డుతాడు రక్త మార్పిడిలోనూ ఫాంకోని అనీమియా (ఎముక మజ్జ దెబ్బతినే వంశపారంపర్య జబ్బు) ఉన్న బాలుడికి ఎక్కించింది చెల్లెలి రక్తమే. అలాంటి ఇంటివాళ్లు ఏజెంటుతో కాదు, కాన్పుకు ముందే మార్పిడి చేసే డాక్టరుతో మాట్లాడాలి. సంతకం పెట్టేముందు, కణాలు తక్కువొచ్చినా కల్చర్‌లో క్రిములు తేలినా డబ్బు వాపసిస్తారా అన్నది కాగితం మీద రాయించుకోండి.