ల్యాప్‌టాప్‌కు కొత్త ఎస్‌ఎస్‌డీ కొంటున్నారా? తెరపై కనిపించే కెపాసిటీని నమ్మకండి

ల్యాప్‌టాప్‌లో పాత డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలోనే డేటా దాచే డిస్కు) వేసుకోవాలనుకునేవారు డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

2 టీబీ (టెరాబైట్లు) అని ముద్రించిన ఎస్‌ఎస్‌డీ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. సీలు సరిగానే ఉంది. బిగించగానే విండోస్ 1.81 టీబీ అని చూపించింది. ఈ తేడా మాత్రం మోసం కాదు: కేబీ నుంచి టీబీ దాకా ప్రతి మెట్టుకూ తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. ఫొటోలు, వీడియోలు ఏ ఆటంకమూ లేకుండా కాపీ అయ్యాయి. తీరా తెరవబోతే కొన్ని మాత్రమే తెరుచుకున్నాయి. మిగతా ఫైళ్లకు పేరుంది, సైజు ఉంది, లోపల ఏమీ లేదు.

ఇలాంటి నకిలీల్లో అసలు మెమరీ చాలా కొద్దిగా ఉంటుంది. డిస్కును నడిపించే కంట్రోలర్ చిప్‌లోని ఫర్మ్‌వేర్‌ను (అందులోనే ఉండే ప్రోగ్రామును) మార్చి, కంప్యూటర్ అడిగినప్పుడు పెద్ద అంకె చెప్పేలా చేస్తారు. డిస్కు ఏం చెబితే విండోస్ అదే చూపిస్తుంది. ఉన్న జాగా నిండాక వచ్చే డేటా పాత డేటా మీద పడుతుంది, లేదా ఎక్కడా నమోదు కాకుండా పోతుంది. ఎర్రర్ సందేశం రాకపోవచ్చు. నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఇదే. మామూలుగా పాడవుతున్న డిస్కు చాలాసార్లు నెమ్మదించో, మొరాయించో ముందే హెచ్చరిస్తుంది. ఇది అంతా భద్రంగా ఉందని చెబుతూనే మన పిల్లల ఫొటోలను మింగేస్తుంది.

అమ్మకందారును నిలదీస్తే, విండోస్‌లో డిస్కు సైజు చూపే ప్రాపర్టీస్ స్క్రీన్‌షాట్ పంపమన్నారు. పంపితే, "2 టీబీ కనిపిస్తోంది కదా, లోపమేమీ లేదు" అన్నారు. తర్వాత ఫార్మాట్ చేయమన్నారు. ఆపైన మరో కంప్యూటర్‌లో పెట్టి చూడమన్నారు. ఒక్కో సలహాకు మధ్య రోజుల తరబడి మౌనం. వాపసు గడువు దాటిపోవాలన్నదే వారి ఎత్తుగడ అని నా గట్టి నమ్మకం. కింద చెప్పే పరీక్ష ఫలితం జతచేసి, కొన్న వెబ్‌సైటుకే నేరుగా ఫిర్యాదు చేశాక డబ్బు తిరిగొచ్చింది. మీకూ ఇలాగే జరిగితే అమ్మకందారుతో వాదిస్తూ గడువు పోగొట్టుకోవద్దు. లోపల ఏముందో చూద్దామని డిస్కును విప్పకండి, వాపసు నిరాకరించడానికి అదే సాకవుతుంది.

పరీక్ష కష్టమేమీ కాదు. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో, మ్యాక్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఇవి ఖాళీ జాగా అంతా పరీక్ష డేటాతో నింపి, తిరిగి చదివి సరిపోల్చుతాయి. పెద్ద డిస్కుకు గంటలు పట్టవచ్చు, రాత్రి పెట్టి వదిలేయండి. డిస్కు ఖాళీగా ఉన్నప్పుడే, అంటే దానిలో విండోస్ ఎక్కించకముందే, చేయాలి. కొద్ది జీబీలు మాత్రమే రాసి వేగం కొలిచే ప్రోగ్రాములతో ఈ మోసం బయటపడదు. కొత్తదని చెప్పి వాడినది అంటగట్టారేమో చూడటానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము పనికొస్తుంది. అందులో పవర్ ఆన్ అవర్స్ (డిస్కు పనిచేసిన మొత్తం గంటలు) వేలల్లో ఉంటే అది కొత్తది కాదు.

ఇంకో రకం నష్టం సరిపోని సరుకు వల్ల. ఎం.2 స్లాటులో (సన్నని పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీని గుచ్చే చోట) పట్టినంత మాత్రాన పనిచేస్తుందని కాదు. డిస్కు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతులు రెండు: పాతదైన సాటా, వేగవంతమైన ఎన్‌వీఎంఈ. కొన్ని స్లాట్లు సాటా రకాన్నే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈనే. పొడవు కూడా చూడాలి: 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. 2242 కోసం చేసిన చోట అది పట్టదు. ర్యామ్ విషయంలోనూ అంతే: డీడీఆర్4, డీడీఆర్5 అనేవి ర్యామ్ తరాలు, డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 దిగదు, గాడి వేరే చోట ఉంటుంది. చాలా పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, దాన్ని పెంచే దారి లేదు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఇవన్నీ ఉంటాయి. అమ్మకందారు "అన్ని ల్యాప్‌టాప్‌లకూ సరిపోతుంది" అని రాస్తే అక్కడే అనుమానించండి.

కొత్త డిస్కు పరీక్ష నెగ్గినా పాతదాన్ని వెంటనే చెరిపేయకండి, కొన్ని వారాలు పక్కన ఉంచండి. దానిలో బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే, ల్యాప్‌టాప్ నుంచి తీసే ముందే ఆ తాళం తెరిచే రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. అది లేకపోతే పాత డిస్కు చేతిలో ఉన్నా అందులోని ఫైళ్లు మీకు దక్కకపోవచ్చు.