యుద్ధవిమానం ఆటలో ఆజ్ఞ ఇవ్వడానికి ఏది మేలు: కీబోర్డా, స్టిక్ బటన్లా, నోటి మాటా?

డీసీఎస్ వరల్డ్ అనే యుద్ధవిమానాల కంప్యూటర్ ఆటలో నిలిపి ఉన్న విమానానికి నేల మీది నుంచి కరెంటు ఇప్పించాలంటే, ముందు బ్యాక్‌స్లాష్ కీతో రేడియో మెనూ తెరిచి, గ్రౌండ్ సిబ్బంది కోసం ఎఫ్8, కరెంటు కోసం ఎఫ్2, ఇవ్వమని చెప్పడానికి ఎఫ్1 వరుసగా నొక్కాలి. వాయిస్‌అటాక్ అనే ప్రోగ్రామ్‌కు ఈ నాలుగు కీల వరుసను ఒకసారి నేర్పితే, ఆ తర్వాత మైకులో ‘గ్రౌండ్ పవర్ ఆన్’ అంటే చాలు, వాటన్నిటినీ అదే నొక్కుతుంది. మొదటిసారి ఇది పనిచేసినప్పుడు కలిగే సంతోషం చాలామందిని ఒక పొరపాటు వైపు నడిపిస్తుంది. ఇక అన్ని పనులూ మాటతోనే చేయవచ్చనుకుని చక్రాలు, రెక్కల అంచున దించే ఫ్లాప్‌లు, ఆయుధాలు, క్షిపణిని దారి తప్పించే ఫ్లేర్లు అన్నీ మాటలకే అప్పగిస్తారు. నేనూ అలాగే చేశాను. కొన్ని నెలల పాటు మూడు పద్ధతులనూ మార్చి మార్చి వాడిన తర్వాత, ఏ పనికి ఏది తగునో నాకు స్పష్టమైంది.

కీబోర్డు, మౌస్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అదనపు ఖర్చు లేదు, కాక్‌పిట్‌లోని స్విచ్‌లను మౌస్‌తో ఒక్కొక్కటిగా నొక్కుతూ విమానాన్ని నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి కూడా లేదు. అయితే శత్రువు వెనక తిరుగుతున్నప్పుడు స్విచ్ కోసం చూపు కిందికి దించితే, తిరిగి తలెత్తేసరికి అతడు కనిపించడు.

అసలు పోటీ స్టిక్ (విమానాన్ని నడిపే జాయ్‌స్టిక్) మీది బటన్లకూ నోటి మాటకూ మధ్యనే ఉంది, అందులో మొదట చూడవలసింది సమయం. బటన్ నొక్కిన క్షణంలోనే పని జరుగుతుంది, మాట అలా కాదు. మాట పూర్తిగా పలకాలి, పలకడం ముగిసిందని ప్రోగ్రామ్ నిర్ధారించుకోవాలి, తనకు తెలిసిన ఆజ్ఞలతో పోల్చుకోవాలి, ఆ తర్వాతే కీ నొక్కుతుంది. ఇదంతా కలిపి ఒకటిన్నర సెకను పట్టిందనుకుందాం. 450 నాట్ల వేగంతో పోతున్న విమానం సెకనుకు సుమారు 231 మీటర్లు దాటుతుంది కనుక, ఆజ్ఞ అమలయ్యేలోపు అది దాదాపు 350 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. క్షిపణి వెంటపడినప్పుడు అంత ఆలస్యాన్ని భరించలేము. పైగా కంగారులో గొంతు హెచ్చుతుంది, మాట వేగం పెరుగుతుంది, ప్రశాంతంగా ఉన్నప్పుడు చక్కగా గుర్తించిన ప్రోగ్రామ్ సరిగ్గా అవసరమైన వేళకే తడబడుతుంది. నా విషయంలో ‘ఫ్లేర్స్’ అన్న మాట ‘ఫ్లాప్స్’గా వినిపించి, వేడి ఎరలు వదలవలసిన విమానం ఫ్లాప్‌లు దించిన సందర్భం ఉంది. ఆ రోజే ఆ రెండు ఆజ్ఞలనూ మాటల పట్టికలోంచి తీసేశాను.

నిజమైన యుద్ధవిమానాలను రూపొందించినవారు కూడా ఈ గీతను ఇక్కడే గీశారు. యూరోఫైటర్ టైఫూన్‌లో పైలట్ మాటను అర్థం చేసుకునే ఏర్పాటు ఉంది. ప్రతి పైలట్ తన గొంతును ముందుగా దానికి అలవాటు చేయాలి. రేడియో చానెళ్లు మార్చడం, తెరల మీద కావలసిన సమాచారం తెప్పించుకోవడం వంటి పనులకు మాట పనికివస్తుంది కానీ, ఆయుధాలు పేల్చడం, చక్రాలు దించడం వంటి ప్రాణాపాయపు పనులను మాటకు వదిలిపెట్టలేదు. స్టిక్, ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే థ్రాటిల్, గొంతు మూడూ కలిసి పనిచేయాలన్నది అక్కడి పద్ధతి.

అయితే స్టిక్‌కూ పరిమితి ఉంది. నేను వాడే టీ.16000ఎం స్టిక్ మీద 16 బటన్లున్నాయి, ఆటలోని ఎఫ్/ఏ-18 హార్నెట్ వంటి యుద్ధవిమానానికి అవి బొత్తిగా చాలవు. ఒకే బటన్‌కు రెండు మూడు పనులు అంటగట్టవచ్చు గానీ, నెల రోజులు ఆడకపోతే ఏది దేనికో మరచిపోతాము. ‘రిక్వెస్ట్ ల్యాండింగ్’ అన్న మాటను మాత్రం ఎవరూ మరచిపోరు.

రేడియో మాటల దగ్గర మాత్రం నోటిదే పైచేయి. ఇందుకు కారణం కేవలం సౌకర్యం కాదు. కంట్రోల్ టవర్‌ను అనుమతి అడగడం, తోటి విమానానికి లక్ష్యం చూపించడం, నేల మీది సిబ్బందిని పిలవడం నిజజీవితంలోనూ మాటతో జరిగే పనులే కనుక, ఆటలోనూ అవి మాటతో జరిగినప్పుడే మనసు కాక్‌పిట్‌లో నిలుస్తుంది. వాయిస్‌అటాక్‌తో కలిసి పనిచేసే వైకామ్ అనే అనుబంధం ఈ సంభాషణను డీసీఎస్ రేడియో మెనూలకు నేరుగా ముడివేస్తుంది. ఈ ఆటలోకి 2019లో వచ్చిన ఎఫ్-14 టామ్‌క్యాట్ విమానంలో ఈ తేడా మరింత తెలుస్తుంది. అందులో వెనక సీట్లో జెస్టర్ అనే కంప్యూటర్ సహచరుడు కూర్చుంటాడు, అతడికి పని చెప్పాలంటే చక్రంలా తెరుచుకునే మెనూలో వెతుక్కోవాలి. మనిషితో మాట్లాడినట్టు మాట్లాడితే ఆ వెతుకులాట తప్పుతుంది. కళ్లను పూర్తిగా కప్పే వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకునేవారికైతే మాట దాదాపు తప్పనిసరి, ఎందుకంటే కీబోర్డు వారికి అసలు కనిపించదు.

తెలుగువారికి ఇక్కడ ఒక చిక్కుంది. వాయిస్‌అటాక్ ఆధారపడే విండోస్ వాక్‌గుర్తింపులో తెలుగు లేదు. అయితే ఇంగ్లిషు రకాల్లో భారతీయ ఇంగ్లిషు ఉంది, అమెరికన్ ఇంగ్లిషు బదులు దాన్ని ఎంచుకున్నాక నా ఉచ్చారణను అది చాలా మెరుగ్గా పట్టుకుంది. ఆజ్ఞ పొట్టిగా ఒక్క మాటలో ఉన్నదానికంటే రెండు మూడు మాటల్లో ఉంటే పొరపాట్లు తగ్గుతాయి. ఇంకొక ఉపాయం కూడా నాకు దొరికింది. ‘పైకి’ అన్న తెలుగు మాటను విడదీస్తే ‘పై’, ‘కీ’ అనే రెండు ఇంగ్లిషు మాటలవుతాయి కనుక, ఆజ్ఞను ఆ స్పెల్లింగుల్లో రాసుకున్నాను. ఇప్పుడు ‘కానపీ పైకి’ అంటే కాక్‌పిట్ మూత తెరుచుకుంటుంది. మన భాషలో చెప్పిన మాటకు విమానం కదలడం చూడటం నాకు ఎంతో ఆనందాన్నిచ్చింది.

మైకును ఎప్పుడూ తెరిచి ఉంచడం మాత్రం మంచిది కాదు. ఫ్యాను చప్పుడు, పక్కగదిలో టీవీ, వంటింట్లోంచి పిలుపు, ఏదో ఒకటి ఆజ్ఞగా మారుతుంది. స్టిక్ మీద ఒక బటన్‌ను నొక్కి పట్టుకున్నప్పుడే వినేటట్టు అమర్చుకోవాలి. మిత్రులతో కలిసి ఆడేటప్పుడు వారితో మాట్లాడే బటన్ వేరు, ఆజ్ఞలిచ్చే బటన్ వేరు కావాలి, లేకపోతే మన ఆజ్ఞలన్నీ వారి చెవుల్లో పడతాయి. ఇంట్లోవాళ్లు నిద్రపోయాక ఆడేవారికి ఈ పద్ధతి ఎలాగూ కుదరదు.

స్టిక్ లేనివారు ముందు స్టిక్కే కొనాలని, వీఆర్ ఉన్నవారు మాత్రం మాటను కూడా వెంటనే అమర్చుకోవాలని నా సలహా. వాయిస్‌అటాక్ ఉచిత ప్రయోగ రూపంలో 20 ఆజ్ఞలే అనుమతిస్తారు, మొదటి నెలకు అవి సరిపోతాయి. నా మొదటి పట్టికలో టవర్‌కు నాలుగు, గ్రౌండ్ సిబ్బందికి నాలుగు, తోటి విమానాలకు ఎనిమిది, గగనతల రాడార్ విమానానికి రెండు ఉన్నాయి. మిగిలిన రెండూ కాక్‌పిట్ మూతవి.