ఆగి చూడటమా, అందిన టీకా వేయించుకోవడమా: ఏది మేలు?

2021 జనవరి 3న కొవిడ్ నివారణకు కొవిషీల్డ్, కొవాగ్జిన్ టీకాల అత్యవసర వినియోగానికి అనుమతి లభించి, 16న దేశమంతటా టీకాలు వేయడం మొదలైనప్పుడు, "నలుగురూ వేయించుకున్నాక చూద్దాం" అన్నవారు కొందరు, "ఏది ఇస్తే అది వేయించుకుందాం" అన్నవారు కొందరు.

ఆగినవారందరినీ అజ్ఞానులని కొట్టిపారేయడం న్యాయం కాదు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్‌కు అనుమతి వచ్చేనాటికి వేలమంది మీద జరిపే మూడో దశ ప్రయోగాల ఫలితాలు వెలువడలేదు; అందుకే తొలి రోజుల్లో ఆ టీకా వేయించుకునేవారి చేత విడిగా అంగీకార పత్రం మీద సంతకం పెట్టించారు. సంతకం అడిగినప్పుడు ఎవరికైనా సందేహం రావడం సహజం. మార్చి 3న 81 శాతం సమర్థత ఉందంటూ మధ్యంతర ఫలితాలు వచ్చాక మాత్రం ఆ అభ్యంతరంలో పస తగ్గింది. కొవిషీల్డ్‌కు విదేశాల్లో జరిగిన ప్రయోగాల ఫలితాలు ముందే ఉన్నా, అతి అరుదుగా రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ తర్వాత బయటపడింది.

పెద్ద వయసువారి లెక్క వేరు. కొవిడ్ సోకితే వారి ప్రాణానికి ఉన్న ముప్పు ముందు టీకా వల్ల కలిగే ముప్పు చాలా చిన్నది. 60 దాటినవారికి అవకాశమిచ్చిన మార్చిలో మా అమ్మను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే, వరండాలో ముగ్గురే ఉన్నారు. "పది మందైనా పోగవ్వాలండీ, సీసా తెరిచాక నాలుగు గంటల్లో అయిపోవాలి" అని ఏఎన్ఎం వీధి వైపు చూస్తూ కూర్చుంది. ఆ రోజు రానివారిలో షుగరు, బీపీ ఉన్న మా బంధువులూ ఉన్నారన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఫలానా టీకాయే కావాలని పట్టుబట్టినవారిలో విదేశాలకు వెళ్లవలసిన విద్యార్థుల కారణం సరైనదే, ఎందుకంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవాగ్జిన్‌ను గుర్తించింది 2021 నవంబరు 3న. ఊరు దాటని పెద్దవారికి ఆ పట్టుదల అనవసరం. వారికి ముందు అందిన టీకాయే మేలని నా నిశ్చితాభిప్రాయం.

మేలో రెండో డోసుకు వెళ్లేసరికి అదే వరండా ముందు తెల్లవారకముందే చెప్పులు వరుసలో పెట్టి జనం నిలబడి ఉన్నారు. తొమ్మిదింటికి స్టాకు లేదని బోర్డు పెట్టారు. మార్చిలో రానివారు ఆ వరుసలో మొదటి డోసు కోసం వచ్చి తిరిగి వెళ్లారు.